సుధన్వ ముఖానికి ముందు

నేను ఒక ముసుగును. దొంగలు కట్టుకునే రకం కాదు, నాటకాల వాళ్లు పెట్టుకునే రకమూ కాదు. మంచు మీద హాకీ ఆడే జట్టులో గోల్‌కీపర్ ముఖానికి ముందు నిలబడే రకం. ముందువైపు ఉక్కు ఊచలు, వెనక బిగించే పట్టీలు, లోపల మెత్తటి దిండు. ఇంత కట్టుదిట్టంగా పుట్టినదానికి భయమేమిటని మీరు అడగవచ్చు. నేను పుట్టిందే భయంలో.

కెనడాలో ఒక చిన్న ఊరు. అక్కడ మార్సెల్ అనే ముసలాయన తన ఇంటి గ్యారేజీలో ముసుగులు తయారుచేసేవాడు. గాజునార గుడ్డను పొర మీద పొరగా అచ్చు మీద పరిచి, జిగురు పూసి, ఎండబెట్టి నన్ను చేశాడు. పూర్తిగా ఆరిన మర్నాడు ఉదయం ఒక కొయ్య తలకు నన్ను తొడిగి, గాలితో పేలే గొట్టం ఎదుట నిలబెట్టాడు. ఆ గొట్టంలోంచి పక్ వచ్చింది. పక్ అంటే అరచేతిలో పట్టే నల్లటి రబ్బరు బిళ్ళ. చూడటానికి బూటు మడమ ముక్కలా ఉంటుంది. గడ్డకట్టించి విసిరితే రాయి. అది మూడుసార్లు నా నుదుటికి తగిలింది. మూడోసారి తరువాత మార్సెల్ నన్ను తిప్పి చూసి, "సరే, నువ్వు పనికొస్తావు" అన్నాడు.

మనుషులు పుట్టిన బిడ్డను ఉయ్యాలలో వేస్తారు. నన్ను తుపాకీ ముందు పెట్టారు. ఆ ఉదయం నుంచి నాకు ఒకే ఒక్క ఆలోచన: తరువాతిది ఎప్పుడు వస్తుంది?

నెల తిరక్కుండా నేను ఒక నిజమైన తలకు చేరాను. అతని పేరు చిట్టెల సుధన్వ. అప్పటికి ఇరవై రెండేళ్లు. పుట్టింది పెరిగింది సస్కటూన్‌లో. చలికాలంలో ఊపిరి కూడా గడ్డకట్టే ఊరు అది. తండ్రి సిటీ బస్సు నడుపుతాడు. తల్లి పేరు పైడితల్లి, ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే విభాగంలో పని చేస్తుంది. ఇద్దరిదీ పలాస. ఆరేళ్ల వయసులో ఇరుగుపొరుగు పిల్లలతో కలిసి మంచు మీదకు దిగిన సుధన్వకు స్కేట్ల మీద సరిగ్గా నిలబడటం రాలేదు. నిలబడటం రానివాడిని గోలు ముందు నిలబెట్టడం అక్కడి ఆచారం. అలా మొదలైంది అతని వృత్తి. గొప్ప గొప్ప విషయాలు చాలావరకు ఇలాగే, ఎవరికీ అక్కర్లేని చోట మొదలవుతాయని నాకు తరువాత తెలిసింది.

హాకీ ఆటగాళ్లకు ఒక అలవాటు ఉంది. ఎవరి ఇంటిపేరునైనా సగానికి కోసి చివర ఒక దీర్ఘం తగిలిస్తారు. చిట్టెల కాస్తా "చిట్టీ" అయింది. ఆ పిలుపు మొదటిసారి విన్న రోజు పైడితల్లి పడిపడి నవ్విందట. "అంత పొడుగు మనుషులు, ఆరడుగుల నా కొడుకుని చిట్టీ అంటన్నారేటి! నానైతే ఆడి ఒకటో తరగతిలోనే ఆ పిలుపు మానీసేను" అందట.

నా మీద ఏ బొమ్మ వెయ్యాలని రంగులవాడు అడిగాడు. మిగతా గోల్‌కీపర్లు పులులు, పుర్రెలు, నిప్పులు వేయించుకుంటారు. సుధన్వ జీడిపండు వెయ్యమన్నాడు. చిన్నతనంలో వాళ్లమ్మ పలాసలో జీడిపిక్కలు కొట్టి, జీడి తగిలి వేళ్లు బొబ్బలెక్కిన చేతులతో బడికి వెళ్లేదట. ఎర్రటి పండు, కింద వంకర పిక్క. టీవీ వ్యాఖ్యాతలు ఆరేళ్లపాటు దాన్ని మిరపకాయ అన్నారు, బాక్సింగ్ గ్లవ్ అన్నారు, ఒకాయన మూత్రపిండం అని కూడా అన్నాడు. సుధన్వ ఎవరినీ సరిదిద్దలేదు.

అతని భయం సంగతి ఇంట్లోవాళ్లకు తెలియదు, కోచ్‌లకు తెలియదు. నాకు తెలుసు. ఎదుటివాడు కర్ర ఎత్తగానే అతని ఊపిరి ఆగిపోయేది. దవడ బిగుసుకునేది. గడ్డం కింద చెమట చల్లగా జారేది. అప్పుడతను పెదవులు కదిలీ కదలకుండా "రానీ... రానీ..." అనుకునేవాడు. స్టేడియంలో పదిహేడు వేలమంది అరుస్తున్నా ఆ మాట నాకు మాత్రమే వినపడేది. ధైర్యం గలవాళ్ల గురించి పత్రికలు రాస్తాయి కదా, నేను మటుకు అలాంటివాడిని చూడలేదు. భయపడుతూనే కదలకుండా నిలబడేవాడిని చూశాను.

మొదటి మూడేళ్లు చిన్న లీగులో ఆడాం. బస్సుల్లో పది పన్నెండు గంటల ప్రయాణాలు. ఆరని చెమట వాసనతో సామాను సంచిలో నేను, ముందు సీట్లో మోకాళ్లు ముడుచుకుని అతను. తరువాత తూర్పు తీరంలోని రేవు నగరంలో ఉన్న పెద్ద జట్టు, సీల్స్, అతన్ని పిలిచింది. అక్కడ రెండేళ్లు రెండో గోల్‌కీపర్‌గా బెంచీ చివర కూర్చున్నాడు. మూడో ఏడాది మొదటివాడి మోకాలు దెబ్బతింది. అలా ఇరవై ఎనిమిదో ఏట సుధన్వ ఆ జట్టుకు ముఖ్యమైన గోల్‌కీపర్ అయ్యాడు. అతని అదృష్టం ఇంకొకడి మోకాలిలోంచి వచ్చింది. ఆ సంగతి అతను ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. తాను పక్కకు తప్పుకుంటే తన వెనక ఇంకొకడు కాచుకుని ఉన్నాడని అతనికి ప్రతి ఉదయం గుర్తుండేది.

చాలామంది గోల్‌కీపర్లు ఏడాదికొక ముసుగు మారుస్తారు. సుధన్వ నన్ను మార్చలేదు. నేనుంటే కలిసొస్తుందని నమ్మకం. ఆ నమ్మకానికి నేను పొంగిపోయాను.

మార్చి నెల మొదటి గురువారం, ఉదయం పూట అభ్యాసం. ప్రేక్షకులు లేరు, కెమెరాలు లేవు. జట్టులో అర్విడ్ అనే స్వీడన్ దేశస్థుడు ఉండేవాడు. రక్షణ వరసలో ఆడతాడు, గోలు ముందు అడ్డుగోడలా నిలబడతాడు. ఊళ్లు తిరిగినప్పుడు అతనూ సుధన్వా ఒకే గదిలో దిగేవారు. ఆ ఉదయం అర్విడ్ ఏదో జోకు వేస్తూ, నవ్వుతూ కర్ర ఎత్తి పక్‌ను బలంగా కొట్టాడు. కిందకు కొట్టబోయిన దెబ్బ పైకి లేచింది.

నేను చూశాను. సుధన్వ చూడలేదు. అతను కూడా ఆ జోకుకు నవ్వుతున్నాడు.

దెబ్బ అతని ఎడమ కంటికి పైన, నా నుదుటి మీద తగిలింది. పుట్టిన రోజు నుంచి నేను ఎదురుచూస్తున్న చప్పుడు నాలోంచే వచ్చింది. పచ్చి కొమ్మ విరిగినట్టు చిన్న చప్పుడు. సుధన్వ మోకాళ్ల మీద కూలబడ్డాడు. నా లోపల అతని ఊపిరి తప్పిపోయి, మళ్లీ దొరికింది.

అర్విడ్ జారుకుంటూ వచ్చాడు. "చిట్టీ! చిట్టీ, నన్ను చూడు. ఎన్ని వేళ్లు?"

"నీ వేళ్లు ఎవడికి కావాలి?" అని సుధన్వ లేచి నిలబడ్డాడు. అర్విడ్ నవ్వాడు, కానీ అతని మొహంలో రంగు లేదు.

అభ్యాసం అయ్యాక సామాన్ల గదిలో ఫెర్గస్ నన్ను చేతిలోకి తీసుకున్నాడు. ముప్పై ఏళ్లుగా ఆ జట్టు బూట్లు, కర్రలు, ముసుగులు చూసుకునే మనిషి. బొటనవేలితో లోపల తడిమి ఆగిపోయాడు.

"బీట ఉంది," అన్నాడు. "ఇది నేను డాక్టర్‌కు చెప్పాలి. నీ తలను చూడాలి."

తలుపు దగ్గర అర్విడ్ నిలబడి ఉన్నాడు. సుధన్వ బెంచీ మీద కూర్చుని కళ్లు మూసుకుని ఉన్నాడు. గదిలో దీపాలు అతన్ని పొడుస్తున్నాయి.

"ఇంకో ఆరు వారాలు ఆగు ఫెర్గస్," అన్నాడు. "సీజన్ అయ్యాక కొత్త ఒప్పందం రాస్తారు. ఇప్పుడు తల దెబ్బ అంటే పక్కన కూర్చోబెడతారు. నేను ఇంకొకడి మోకాలి మీద ఎక్కాను. నా తల మీద ఇంకొకడు ఎక్కుతాడు."

"కనీసం వేరే ముసుగు పెట్టుకో."

"మారిస్తే అడుగుతారు. ఆరేళ్లుగా ఈ బొమ్మ గురించే వాగుతున్నారు. ఎందుకు మార్చావంటే ఏం చెప్పను?"

ఫెర్గస్ చెడ్డవాడు కాదు. అతనికీ ఉద్యోగం పోతుందనే భయం ఉంది. సుధన్వ అంటే ప్రేమ ఉంది. ఈ రెండూ కలిసినప్పుడు మనిషి ఎంత తెలివితక్కువ పని అయినా చేస్తాడు. లోపల జిగురు నింపి, పైన ఎర్ర రంగు పూశాడు. బీట మీద జీడిపండు మళ్లీ నున్నగా మెరిసింది.

"నువ్వేమీ చూడలేదు," అని సుధన్వ అర్విడ్ వైపు తిరిగాడు.

"కొట్టింది నేను," అన్నాడు అర్విడ్.

"అందుకే నువ్వేమీ చూడలేదు."

ఆ ఆరు వారాలు నేను ఎలా గడిపానో నాకే తెలియదు. నా బలం ఎక్కడ ఆగిపోతుందో నాకు స్పష్టంగా తెలుసు. జిగురు ఎండిన గీత మీద వేలెడు పొడవున నేను లేను. ఆ ఖాళీకి వెనక అతని ఎడమ కణత కొట్టుకుంటూ ఉండేది. అరవడానికి నాకు నోరు లేదు.

అతనికి పక్ ఒక్కోసారి రెండుగా కనిపించేది. తల ఎడమకు తిప్పితే చూపు చివరన చీకటి ముసిరేది. నిజమైన పక్ ఏదో తేల్చుకోవడానికి చెవులు వాడటం నేర్చుకున్నాడు. స్కేట్ల గీరుడు, కర్ర మంచుకు తగిలే చప్పుడు విని చేయి చాపేవాడు. అన్నిటికంటే విడ్డూరం, జట్టు గెలుస్తూ పోయింది. అతను తల తక్కువగా కదుపుతున్నందుకు పత్రికలు "ఎంత నిబ్బరం!" అని రాశాయి. తల కదిపితే కడుపులో తిప్పుతోందని ఎవరికి తెలుసు?

ఆదివారాలు తల్లి ఫోన్ చేసేది, మొహం కనపడే ఫోన్. పైడితల్లి కొడుకు ఆట ఎప్పుడూ చూసేది కాదు. చూస్తే గుండె ఆగిపోతుందని నేలమాళిగలోకి వెళ్లి, ఇస్త్రీ చేసిన బట్టలనే మళ్లీ ఇస్త్రీ చేసేది. కానీ మొహం మాత్రం చూడాలి.

"కళ్లు ఎర్రగున్నాయేట్రా?"

"నిద్ర లేదమ్మా."

"దీపం ఎయ్యి. సీకట్లో కూకున్నావేటి?"

"దీపం పోయిందమ్మా. రేపు మారుస్తారు."

నేను పక్కన కుర్చీ మీద ఉన్నాను. దీపం పోలేదు. అతను వెయ్యలేదు.

ఏప్రిల్‌లో చివరి పోటీలు వచ్చాయి. ఏడు ఆటల వరసలో ఆరోది. గెలిస్తే పై మెట్టు, ఓడితే ఏడో ఆట. సొంత ఊళ్లో ఆట, స్టేడియం నిండిపోయింది. ఆఖరిదైన మూడో భాగంలో చెరి రెండు గోల్స్. సుధన్వ అప్పటికే "రానీ" అనడం మానేశాడు. ఉత్త ఊపిరే, పైపైన.

ఎదుటి జట్టులో ఒక మహాకాయుడు ఎడమ వైపు నుంచి వచ్చి, కర్ర భుజం పైదాకా ఎత్తాడు. ఎడమ వైపు. సుధన్వ తల తిప్పాడు. అక్కడ చీకటి. అతను ఎటో చూస్తున్నాడు, పక్ ఉన్న చోటుకి కాదు. నాకు కనపడుతోంది. అది నేరుగా నా గీత మీదకే వస్తుందని నాకు తెలిసిపోయింది. పుట్టాక నేను అంతగా భయపడిన క్షణం ఇంకొకటి లేదు. నా గురించి కాదు. నా వెనకనున్న ఆ కణత గురించి.

పక్ నా దాకా రాలేదు. అర్విడ్ ఎక్కడి నుంచో వచ్చి మంచు మీద అడ్డంగా పడిపోయాడు. దెబ్బ అతని కాలి మీద, చీలమండ దగ్గర తగిలింది. ఎముక విరిగిన చప్పుడు మొదటి వరస వాళ్లకు కూడా వినపడిందట. విజిల్ మోగింది.

అతన్ని స్ట్రెచర్ మీద ఎక్కిస్తుంటే సుధన్వ వంగి చెయ్యి పట్టుకున్నాడు. "అది వదిలెయ్యాల్సింది. నేను ఆపేవాడిని కదా."

అర్విడ్ పళ్లు బిగించి ఉన్నాడు. "నువ్వు చూడలేదు చిట్టీ. నువ్వు వేరే వైపు చూస్తున్నావు. నేను నీ మొహం చూశాను."

స్ట్రెచర్ వెళ్లిపోయింది. మంచు మీద నాలుగు ఎర్ర చుక్కలు మిగిలాయి. రిఫరీ పక్ చేతిలో పట్టుకుని ఆట మొదలుపెట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆటగాళ్లు వంగి కర్రలు ఆనించారు. సుధన్వ గోలు ముందు నిలబడ్డాడు. ఒక ఊపిరి. రెండు. మూడో ఊపిరి దగ్గర అతని చెయ్యి నా వెనకకు వచ్చింది. పట్టీ ఊడింది.

నన్ను తీసేశాడు.

చల్లగాలి నాలోకి దూరింది. పదిహేడు వేలమంది ముందు ముసుగు లేని మొహంతో అతను మెల్లగా జారుకుంటూ తన బెంచీ దగ్గరకు వెళ్లాడు. మొదట ఏమవుతోందో ఎవరికీ అర్థం కాలేదు.

కోచ్ డొనెల్లీ కిందకు వంగాడు. "ఏమిటిది? పట్టీ తెగిందా?"

"నాకు ఎడమ వైపు కనపడటం లేదు," అన్నాడు సుధన్వ. "ఆరు వారాలుగా."

డొనెల్లీ మొహం ఎర్రబడింది. "ఆరు వారాలా? ఎందుకు చెప్పలేదు?"

"గెలుస్తున్నాం కదా. మీరూ అడగలేదు."

డొనెల్లీ బెంచీ తలుపు తీసి పక్కకు జరిగాడు. రెండో గోల్‌కీపర్ లేచాడు. తన ముసుగు బిగించుకున్నాడు. అప్పుడు మొదలైంది అరుపు, పై వరసల్లోంచి. ఎవడో ఖాళీ గ్లాసు విసిరాడు. అది సుధన్వ భుజానికి తగిలి నా మీద పడింది.

ఆ ఆట ఓడిపోయారు. ఏడోది కూడా. ఒక పత్రిక "పిరికివాడు" అని అతని ఫొటో కింద రాసింది. ఆరు వారాలు భయాన్ని దాచినప్పుడు వీరుడన్నారు. భయాన్ని బయటపెట్టిన ఒక్క రోజున పిరికివాడన్నారు. మనుషుల లెక్క నాకు ఎప్పటికీ అందదు.

డాక్టరమ్మ అతని తలను రోజంతా పరీక్షించింది. ఇంకొక దెబ్బ తగిలి ఉంటే ఏమయ్యేదని సుధన్వ అడిగాడు. "ఏమీ కాకపోవచ్చు. ప్రాణం పోయి ఉండవచ్చు. అది ఎవరూ చెప్పలేరు," అందామె. "ఒకటి మాత్రం చెప్పగలను. మళ్లీ ఆడకూడదు." ఎడమ వైపు చూపు కొంత తిరిగి వచ్చింది, పూర్తిగా రాలేదు. కొత్త ఒప్పందం రాయలేదు. ఫెర్గస్ తన తప్పు తానే చెప్పుకుని, ముప్పై ఏళ్ల ఉద్యోగం వదిలి వెళ్లిపోయాడు. వెళ్లేముందు నన్ను శుభ్రంగా కడిగి, కాగితంలో చుట్టి సుధన్వ సంచిలో పెట్టాడు.

జూలైలో, సస్కటూన్‌లో, పైడితల్లి ఇంటికి అర్విడ్ వచ్చాడు. కాలికి బూటులాంటి కట్టు, చేతిలో కర్ర. హాకీ కర్ర కాదు, నడిచే కర్ర. వంటింటి బల్ల దగ్గర ముగ్గురూ కూర్చున్నారు. తండ్రి బస్సు డ్యూటీలో ఉన్నాడు. నేను బల్ల చివర ఉన్నాను, చూడాలని అర్విడ్ అడిగితే తెచ్చిపెట్టారు.

పైడితల్లి అన్నం, పప్పు, వంకాయ కూర వడ్డించింది. కొడుకు ప్రాణం కాపాడిన మనిషని రెండు గరిటెలు ఎక్కువే వేసింది. అర్విడ్ తినలేదు. నా నుదుటి మీద వేలు పెట్టి గీత వెతుకుతున్నాడు.

"అమ్మా," అన్నాడు ఆమెతో, "మీకు తెలియాలి. మొదటి దెబ్బ కొట్టింది నేనే. అభ్యాసంలో. నవ్వుతూ కొట్టాను. ఆ చప్పుడు విన్నాను. తెలిసి కూడా ఆరు వారాలు ఎవరికీ చెప్పలేదు."

ఆమెకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. గరిటె గిన్నెలో పెట్టేసింది. తరువాత కొడుకు వైపు తిరిగి తెలుగులో అందుకుంది.

"ఆరు వారాలు! ఆ ఫెర్గస్‌తో కలిపి ముగ్గురు మొగోళ్లు! ఒక్కడికీ నోరు రానేదేటి? సచ్చిపోతే ఏటి సేద్దురు? నాకు ఫోన్ సేసి దీపం పోయిందంటావా? నీ దీపమే పోతాదని తెలీదేటి నీకు?"

అర్విడ్ భయంగా సుధన్వను చూశాడు. "ఏమంటున్నారు?"

"భోజనం చెయ్యమంటోంది."

"అంత కోపంగానా?"

పైడితల్లి ముప్పై ఏళ్లుగా ఆ దేశంలో ఉంటోంది. అతని వైపు తిరిగి, ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. "వాడు అబద్ధం చెబుతున్నాడు. వాడికి అలవాటు. మీరు ముగ్గురూ వెధవలని అన్నాను."

"నిజమే," అన్నాడు అర్విడ్. "అప్పటినుంచి నేను పక్ కొట్టలేకపోతున్నానమ్మా. కర్ర ఎత్తగానే ఆ చప్పుడు వినపడుతుంది."

ఆమె చెయ్యి చాపి నన్ను దగ్గరకు లాక్కుంది. ఇన్నేళ్లలో ఆమె నన్ను ముట్టుకోవడం అదే మొదలు. అటూ ఇటూ తిప్పి చూసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, నన్ను తన తలకు తొడుక్కుంది.

"అమ్మా, ఏం చేస్తున్నావు?" అన్నాడు సుధన్వ.

ఆమె తల చిన్నది. నేను వదులుగా ఊగాను. నా ఊచల మధ్యనుంచి ఆమె ముందు కొడుకును చూసింది, తరువాత అర్విడ్‌ను. తల మెల్లగా ఎడమకు తిప్పింది, కుడికి తిప్పింది.

"ఇంతేనా కనపడీది?" అంది. "ఇందులోంచా ఇన్నేళ్లూ సూసేవు?"

బయట ఉన్న ఇద్దరికీ ఊచలే కనపడుతున్నాయి. లోపల ఏం జరుగుతోందో నాకు మాత్రమే తెలుసు. ఆమె ఊపిరి అందకుండా పోతోంది, అచ్చం అతని ఊపిరిలాగే. పెదవులు బిగించింది. కళ్లలోంచి నీళ్లు జారి నా దిండులోకి ఇంకాయి. భుజాలు కదలనివ్వలేదు. ఆ ఇద్దరూ కుర్చీల్లో బిగుసుకుపోయి, మొహం కనపడని ఆ మనిషి వైపు, ఏమంటుందోనని చూస్తూ ఉండిపోయారు.

చాలాసేపటికి నన్ను తీసి ఒళ్లో పెట్టుకుంది. చున్నీ అంచుతో నా లోపల తుడిచింది. మొహం తుడుచుకోలేదు.

"సల్లారిపోతంది," అని అర్విడ్ కంచం అతని దగ్గరకు జరిపింది. "తిను బాబూ."